హోటల్ బందైతే మనకేంది?



ఈసారి పంట ముచ్చట కాదు, హోటల్ ముచ్చట రాస్తున్న. పోస్టు జర పెద్దగనే ఉంటది. మోటర్ పెట్టి గట్టు మీద కూసున్నప్పుడు తీరుబాటుగ చదువుండ్రి.

హోటల్ అంటే నేను ఏసీ హాళ్ళ గురించి చెప్తలేను. మనం పోయేటివి, అంటే చాయ్, పూరీ, మిర్చి బజ్జీ దొరికే జాగ, మధ్యాహ్నం ప్లేట్ భోజనం పెట్టే జాగ. ఈ నడుమ బోధన్ పోయినా, నిజామాబాద్ పోయినా అసోంటి షట్టర్ల మీద "టు లెట్" బోర్డులు కండ్ల పడుతున్నయి. చూసినప్పుడల్లా ఎవరో ఒకరు "అయ్యో, ఇది గూడ బందైందా" అంటరు. పక్కనున్నాయన "హోటలే గదా, బందైతే మనకేంది? ఇంట్ల చాయ్ లేదా?" అంటడు. ఈ రెండు మాటలూ మనోళ్ళయే. ఒక్కోసారి పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి ఒకే మనిషి నోట్ల నుంచి వస్తయి. అందుకే రాయాలనిపించింది.

బోధన్ దిక్కు రైతులకు ఈ ముచ్చట కొత్తది కాదు. మనం దీన్ని ఒకసారి చూసినం, పూర్తిగ చూసినం. కొత్త పిల్లలకు తెల్వదు కాబట్టి జర వెనుకకు పోతున్న.

మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1923లో మొదలై 1931కి అయిపోయింది. కాలువ నీళ్ళు వచ్చినంక మన నల్ల భూములల్ల చెరుకు లేసింది. ఆ చెరుకును చూసే 1937లో నిజాం ప్రభుత్వం బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. ఉర్దూలో చక్కెరను షక్కర్ అంటరు గదా, ఫ్యాక్టరీ చుట్టు పుట్టిన ఊరికి షక్కర్‌నగర్ అని పేరే అయ్యింది. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మన పెద్దోళ్ళు ఛాతి ఇరిచి చెప్పుకునేటోళ్ళు.

ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు నడిస్తే దాని చుట్టు హోటళ్ళూ మూడు షిఫ్టులు నడిచినయి. భోంగా కొట్టంగనే ఒక షిఫ్టు బయటికి, ఒక షిఫ్టు లోపటికి. పోయేటోనికి చాయ్, వచ్చేటోనికి టిఫిన్. క్రషింగ్ సీజన్ల అయితే చెప్పే పని లేదు. కటింగ్ ఆర్డర్ పట్టుకొని, బండ్లు కట్టుకొని మనం పోతే కాంటా దాక లైను. ఒక్కోసారి ఒక రాత్రి, ఒక్కోసారి రెండు రాత్రులు. ఎడ్లకు చొప్ప మనం తీసుకపోయేటోళ్ళం, మనకు మాత్రం హోటలే దిక్కు. చలిల రెండు గంటలకు లేచి భట్టీ కాడ చేతులు కాపుకుంట తాగిన చాయ్ రుచి మీలో చానమందికి యాదికుంటది. మరాఠ్వాడ దిక్కు నుంచి చెరుకు కొట్టే గుంపులు వచ్చేటివి, లారీ డ్రైవర్లు వచ్చేటోళ్ళు. ఒక్క బల్ల మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ నడిచేటివి.

అక్కడ చాయ్ కన్న పెద్ద సరుకు ఒకటి దొరికేది. అది కబురు. రికవరీ ఎంత వస్తుంది, బిల్లు ఎప్పుడు పడుతది, ఎవరి తోటకు ఎర్ర కుళ్ళు పట్టింది, ఎవరి బోరు ఎండింది, ఎవరి బిడ్డకు సంబంధం చూస్తున్నరు, దుబాయ్ వీసా ఎవరికి వచ్చింది. అవన్నీ ఆ బల్ల మీదనే తెలిసేది. పైసలు లేకున్నా నడిచేది. ఉద్దెర బుక్కుల పేరు రాసుకుంటడు, జీతం నాడు వర్కర్లు కడతరు, చెరుకు బిల్లు నాడు రైతులు కడతరు. హోటలాయన మన పంటను నమ్ముకున్నడు, మనం ఆయన బుక్కును నమ్ముకున్నం.

తర్వాత కథ మీకు తెలిసిందే. 2002లో ఫ్యాక్టరీల ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. చెరుకు ఏడాదికేడాది తగ్గుకుంట వచ్చింది, వరి పెరుగుకుంట వచ్చింది. ఆఖరికి 2015 డిసెంబర్ 23న లేఆఫ్ నోటీసు పడ్డది. బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు కూడ ఆగినయి. 2019లో లిక్విడేషన్ ఆర్డర్ గూడ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగ గమనించుండ్రి. ఫ్యాక్టరీ ఒక్క నోటీసుతోని బందైంది. హోటల్ మాత్రం ఒక్కనాడు బంద్ కాలేదు. అది మెల్లమెల్లగ బందైతది. ముందుగాల రాత్రి చాయ్ పోతది, ఎందుకంటే రాత్రి షిఫ్టు లేదు. తర్వాత సాయంత్రం బజ్జీ పోతది, నూనె ధర ఎల్లదు. తర్వాత ఇద్దరు పోరగాండ్లల్ల ఒక్కన్ని ఇంటికి తోలుతరు. తర్వాత మాస్టర్ పోతడు, హోటలాయననే పెనం కాడ నిలబడతడు, ఆయన భార్య గిన్నెలు తోముతది. తర్వాత మధ్యాహ్నం భోజనం బంద్. తర్వాత పొద్దున పది దాకనే. తర్వాత ఒకనాడు "పండుగకు ఊరికి పోతున్నం" అని తాళం వేస్తరు. పండుగ అయిపోతది, తాళం తియ్యరు.

అట్ల తాళం వేసిన షట్టర్ ముంగట నుంచి మనిషి పోతుంటే ఏమనిపిస్తది? నేను చానమందిని చూసిన, మాట్లాడిన. అందరికీ ఒక్కతీరు అనిపియ్యది.

కొందరికి బాధ. ఆ బల్ల మీద తన పెయ్యి కొలతకు అరిగిన జాగ ఉంటది. కొందరికి భయం, "ఇయ్యాల్ల ఆయన, రేపు ఎవరు?" అని. కిరాణం దుకాణపాయన, సైకిల్ రిపేర్ ఆయన, మంగలి దుకాణపాయన ఆ షట్టర్‌ను చూసినంత శ్రద్ధగ ఎవరూ చూడరు. కొందరికి లోలోపట సంబురం గూడ ఉంటది, అబద్ధమెందుకు. "నీళ్ళ చాయ్ పోసి మస్తు సంపాయించిండు, ఇప్పుడు తెలిసొచ్చింది" అనేటోళ్ళు ఉన్నరు. ఆ మాట అన్నోళ్ళే ఆరు నెలలకు "బస్టాండ్ కాడ మంచి చాయ్ లేకుంటైపోయిందిర" అన్నది గూడ విన్న.

ఇంకొకటి ఉంది. అది ఎవరూ పైకి చెప్పరు. అది సిగ్గు.

ఫ్యాక్టరీల పనిచేసిన ఒకాయన నాతోని చెప్పిన మాట రాస్తున్న. పేరు రాయను. జీతం ఆగినంక గూడ హోటలాయన ఆయనకు చాయ్, టిఫిన్ ఇచ్చిండట. బుక్కుల రెండు వేల పైచిలుకు అయ్యింది. హోటలాయన ఒక్కనాడు గూడ అడగలే. "నన్ను అడిగితే నేను నా జీతం ఎవర్ని అడగాలె? అది ఆయనకు తెలుసు. అందుకే అడగలే" అన్నడు. తర్వాత హోటల్ బందైంది. "తెరిచి ఉన్నన్ని దినాలు ఆ బజార్ల నుంచే నడిచిన. బందైనంకనే సుట్టు తిరిగి పోతున్న. షట్టర్ నన్ను చూస్తున్నట్టు అనిపిస్తది" అన్నడు. ఆయన కట్టిండా లేదా అని నేను అడగలే. అడిగేటంత పెద్దోన్ని గాదు నేను.

అప్పుడు నాకు ఒకటి అర్థమయ్యింది. హోటల్ దివాలా తీసిందంటే అందరం గల్లా పెట్టె దిక్కు చూస్తం. అసలు దివాలా ఉద్దెర బుక్కుల ఉంటది. ఆ బుక్కు నిండ మన పేర్లే. మనం బాగుంటే అది ఆస్తి, మనం బాగ లేకుంటే అది చిత్తు కాగితం.

బోధన్ అప్పుడే కిందపడి లేస్తలేదు, ఏడాది గూడ తిరగకముందే 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దైనయి. దేశంల నడిచే పైసల్ల నూటికి 86 రూపాయలు ఆ నోట్లే. మనకు వడ్లు అమ్మిన పైసలు బ్యాంకుల ఉన్నయి గని చేతికి రావు. చిల్లర లేక చాయ్ తాగనోళ్ళు ఎంతమందో. అప్పుడు గూడ మళ్ళా ఉద్దెర బుక్కే ఆదుకున్నది. ఆ బుక్కు ఎంత బరువని మోస్తది?

ఇగ 2020. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంత లాక్‌డౌన్. హోటళ్ళు మళ్ళా తెరిచింది జూన్ 8న. అప్పటికి రెండున్నర నెలలు దాటింది. తెరిచినా బల్లకు ఒక్కరే కూసోవాలె, మనిషిని చూస్తే మనిషికి భయం. మరుసటేడు 2021 మే 12న మన రాష్ట్రంల మళ్ళా లాక్‌డౌన్, మొదట్ల పొద్దున 6 నుంచి 10 దాకనే ఇడుపు. ఆ నాలుగు గంటలల్ల మనం ఎరువులకు, మందులకు ఉరుకుదుమా, పూరీ తిందుమా?

రెస్టారెంట్ల జాతీయ సంఘం లెక్క ప్రకారం ఆ కాలంల మన దేశంల నాలుగు హోటళ్ళల్ల ఒకటి శాశ్వతంగ మూతపడ్డది, 24 లక్షల మందికి పని పోయింది. అమెరికా అసోంటి దేశంల గూడ 2020 ఆఖరుకు లక్షా పది వేల పైన హోటళ్ళు, కొన్ని కొన్నాళ్ళకని, కొన్ని మొత్తానికే, మూతపడ్డయని అక్కడి సంఘం చెప్పింది. పెద్ద దేశమైనా, చిన్న మండలమైనా రుబ్బిన పిండి రేపటికి పులుస్తది, అంతే.

గని ఈ రెండు బందుల నడుమ తేడా ఉంది. 2020ల అందరి షట్టర్లూ ఒక్కసారి పడ్డయి. అది కరువు అసోంటిది. కరువొస్తే పక్కోని పొలం గూడ ఎండుతది, మనసుకు అదొక ధైర్యం. 2015ల బోధన్‌ది అట్ల కాదు. నిజామాబాద్ వెలుగుతనే ఉంది, హైదరాబాద్ ఇంకా వెలుగుతుంది, మన గేటు కాడ మాత్రమే చీకటి. మన ఒక్క పొలానికే కాలువ నీళ్ళు బంద్ చేసినట్టు. అందుకే ఇయ్యాల్టికి లాక్‌డౌన్ ముచ్చట మనోళ్ళు నవ్వుకుంట చెప్తరు, ఫ్యాక్టరీ ముచ్చట వస్తే గొంతు మారుతది.

నిజామాబాద్ గంజుల గూడ ఇదే లెక్క కనిపిస్తది. శ్రద్ధానంద్ గంజ్‌కు పసుపు తీసుకపోయేటోళ్ళకు తెలుసు. ఒకప్పుడు క్వింటాలుకు పదిహేను వేలు దాటిన పసుపు, తర్వాత అయిదారు వేలకు పడ్డది. 2019 ఎలక్షన్ల 178 మంది రైతులు నిజామాబాద్ ఎంపీ సీటుకు నామినేషన్ వేసి నిలబడ్డది ఆ మంటతోనే. ధర ఉన్న ఏడు గంజు బయట హోటల్ల రైతు "రెండు ప్లేట్ల భోజనం, ఒక స్వీటు" అంటడు. ధర పడ్డ ఏడు సద్ది మూట విప్పుకుంటడు. హమాలీలు, దడువాయిలు గూడ అంతే, మన బస్తా లేస్తేనే వాళ్ళ చేతికి పైస. అదే ఊర్ల ఖలీల్‌వాడీ దవాఖానల కాడ చూడుండ్రి, హోటళ్ళు ఎన్నడూ ఖాళీ ఉండయి. రోగానికి మంచి కాలం, చెడ్డ కాలం లేదు. ఏ ఊర్లనన్న గంజు కాడ హోటళ్ళు తగ్గి, దవాఖాన కాడ హోటళ్ళు పెరిగితే ఆ ఊరు ఎట్లుందో ఇంకొకరు చెప్పే అవసరం లేదు.

కష్టం వస్తే మనిషి మొదట బంద్ చేసేది ఏంది? యూరియా బంద్ చెయ్యడు, పిల్లల ఫీజు బంద్ చెయ్యడు, బీపీ గోళీ బంద్ చెయ్యడు. పది రూపాయల చాయ్ బంద్ చేస్తడు. అందుకే దేశంల పైసలు ఆగినయని అందరికన్న ముందు హోటలాయనకు తెలుస్తది. సర్కారు లెక్కలు ఆలస్యంగ వస్తయి, గల్లా పెట్టె లెక్క ఏ రాత్రికారాత్రి వస్తది.

ఇప్పుడు "మనకేంది?" అన్న మాటకు వస్తున్న. మన బాధ పక్కన పెట్టి, ఉత్త లెక్కనే చూద్దాం.

దినానికి 200 చాయ్‌లు పోయే చిన్న హోటల్ అనుకోండి. చాయ్‌కు 10 గ్రాముల చక్కెర అనుకుంటే దినానికి 2 కిలోలు, ఏడాదికి 730 కిలోలు. రికవరీ నూటికి 10 పెట్టుకుంటే ఆ చక్కెరకు 7 టన్నుల పైన చెరుకు కావాలె. ఎకరానికి 35 టన్నులు పండిందనుకుంటే, అసోంటి హోటళ్ళు అయిదు కలిస్తే ఒక ఎకరం చెరుకును ఉత్త చాయ్‌లనే తాగిపిస్తున్నయి. స్వీట్లు ఇంక లెక్కల రాలే.

పాలు చూడుండ్రి. చాయ్‌కు 60 మిల్లీలీటర్లు పోసినా 200 చాయ్‌లకు 12 లీటర్లు. రెండు మంచి బర్రెల పాలు. అవి మన వాడకట్టు బర్రెలే. హోటల్ల పోస్తే ఆ పూటకు ఆ పూట చేతిల పైసలు, దాంతోనే దాణా. హోటల్ బందైతే ఆ 12 లీటర్లు డెయిరీకి పోతయి, అక్కడ వెన్న చూసి ధర కడతరు, పైసలు పదిహేను దినాలకు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఆలుగడ్డ, పల్లీలు, శనగపిండి, కోడిగుడ్లు, ఇవన్నీ గూడ ఏదో ఒక రైతు ఇంటి నుంచి పోయినయే. మన పంట తిరిగి మన ఊరికే పైస తెచ్చే జాగ అది. అది బందైతే సరుకు ఆగదు, గని దూరం పోతది. దూరం పోయినకొద్ది మన చేతికి వచ్చేది సన్నగైతది.

"హోటల్ బందైతే మనకేంది" అంటే జవాబు ఇది: రెండు బర్రెలు, అయిదింట ఒక వంతు ఎకరం చెరుకు, ఒక మడి కొత్తిమీర. ఇవి మనవే.

ఒక ఎదురు మాట గూడ ఉంది, దాన్ని కొట్టిపారెయ్యద్దు. మా ఇంటి పెద్దోళ్ళు అంటుండిరి: "హోటల్‌కు మరిగినోని ఇల్లు నిలవది. ఇంట్ల గట్క ఉండంగ బయట పూరీలెందుకు?" నిజమే. కూలి పైసలు సగం బయటనే తిని, తాగి ఇంటికి ఖాళీ జేబుతోని వచ్చినోళ్ళు మన ఊర్లల్ల ఉన్నరు. వాళ్ళ ఇంటి ఆడోళ్ళకు హోటల్ బందైతే పండుగనే. ఒకక్క నాతోని సూటిగనే అన్నది: "అన్నా, మీ మొగోళ్ళు హోటల్ పోయిందని ఏడుస్తుండ్రు. ఆ బల్ల మీద మేం ఎన్నడు కూసున్నం?"

ఆమె మాట నిజం. అయితే ఆమెనే ఇంకో మాట గూడ చెప్పింది. వాళ్ళ చెల్లె ఆ హోటల్ల గిన్నెలు తోమేది, ఉల్లిగడ్డ కోసేది, పిండి రుబ్బేది. నాట్లు లేని దినాలల్ల, బీడీ ఆకు సరిగ్గ ఇయ్యని దినాలల్ల ఆ పైసలే ఇల్లు నడిపినయి. బందైనప్పుడు మొగోళ్ళకు కూసునే జాగ పోయింది, ఆడోళ్ళకు దినాం కూలి పోయింది. మనం రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు చాయ్ రుచి గురించే చెప్తం, గిన్నెలు తోమిన చెయ్యి గురించి చెప్పం. ఇది నేను ఆమె మాట విన్నంక రాస్తున్న, పెద్దరికం ఆమెదే.

ఇంకో సంగతి. "హోటళ్ళు బందైనయంటవు, మరి రోడ్డు మీద టిఫిన్ బండ్లు చూడు, గల్లీకి నాలుగున్నయి గదా" అంటరు. నిజమే, ఉన్నయి. గని ఆ బండి ఎనుక ఎవరు నిలబడ్డరో చూడుండ్రి. దుబాయ్ నుంచి పని పోయి వచ్చిన పిల్లగాడు, ప్రైవేటు బడిల జీతం రాక బయటికొచ్చిన పంతులు, బందైన హోటల్ మాస్టర్. ఏ పనీ దొరకనోడు మొదట పెట్టేది టిఫిన్ బండే, ఎందుకంటే వండుడు ఇంట్ల ఆడోళ్ళకు వచ్చు, కిరాయి లేదు. కొత్త బండ్లు కనవడ్డయని గిరాకీ పెరిగిందనుకోవద్దు. ఒక్కోసారి అది పని తగ్గిందన్న నిశాని. ఎవరు నిలదొక్కుకున్నా మంచిదే, వాళ్ళ కష్టానికి దండం. గని ఒక్క హోటల్ల ఆరుగురు బతికిన జాగల, ఆరు బండ్లు ఒకరి గిరాకీ ఒకరు తినుకుంట నిలబడ్డయి. ఒకే మడుగుల ఆరు మోటర్లు పెట్టినట్టు.

మరి మనం ఏం చెయ్యగలుగుతం? మనం సర్కారు కాదు, షావుకార్లం కాదు. నాకు తోచింది నాలుగు మాటలు చెప్తున్న, నచ్చితే పట్టుకోండి.

మొదటిది ఉద్దెర. పంట పైసలు పడ్డనాడు బ్యాంకు, ఎరువుల దుకాణం, ఫైనాన్సోడు వీళ్ళే ముందుగాల యాదికొస్తరు, ఎందుకంటే వాళ్ళు అడుగుతరు. హోటలాయన అడగడు. అడగనోని బాకీ ముందు కట్టుండ్రి. అడిగేటోడు మిత్తి ఏసుకుంటడు, బతుకుతడు. అడగనోడే మునుగుతడు.

రెండోది, మన సరుకు. ఊరి హోటల్ ఆదిలాబాద్ కొత్తిమీరో, ఇంకేడిదో గంజు ధరకు కొంటుండొచ్చు. మనం పొద్దున్నే పోయి "నేనిస్త, దినాం ఇంత, ఇదే ధర" అని మాట్లాడుకుంటే ఆయనకు రూపాయి తగ్గుతది, మనకు రూపాయి పెరుగుతది. నడుమ కమీషన్ లేదు, ఆటో కిరాయి లేదు. మా దిక్కు ఇద్దరు ముగ్గురు పాలు, ఆకుకూర అట్లనే పోస్తున్నరు.

మూడోది, దావత్‌లు. పుట్టువెంట్రుకలు, ఓణీల ఫంక్షన్, దినవారం, ఏదన్న కానీ, పట్నం క్యాటరింగ్ ఎనుక ఉరకకుండ పొద్దటి టిఫిన్ అన్నా ఊరి హోటల్‌కు అప్పజెప్పుండ్రి. గిరాకీ లేని నెలల ఒక్క వంద ప్లేట్ల ఆర్డర్ ఆయనకు ఒక తడి అసోంటిది. ఎండుతున్న మడికి ఒక్క తడి ఎంత పని చేస్తదో మనకు తెల్వదా?

నాలుగోది నోరు. ఖాళీ బల్లలు చూసి "ఏం సేటు, గిరాకీ లేదా?" అని అడగకుండ్రి. ఎండిన పొలం గట్టు మీద నిలబడి "ఏం పటేలా, పంట పోయిందా?" అని అడిగితే మనకెట్లుంటదో ఆయనకు గూడ అట్లనే ఉంటది. కూసోని ఒక చాయ్ చెప్పుండ్రి, సాలు.

షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మళ్ళా తెరిపిస్తమని 2024 జనవరిల సర్కారు కమిటీ వేసింది. తెరిస్తే సంతోషమే, చెరుకు వేసే చేతులు మన దగ్గర ఇంక ఉన్నయి. అయితే చిమ్నీల పొగ లేవంగనే హోటళ్ళు లేస్తయనుకోవద్దు. మిషన్లకు పైసలు పెడితే మిషన్ నడుస్తది. ఉద్దెర బుక్కుకు నమ్మకం పెట్టాలె, అది ఒకసారి పోతే పైసలతోని రాదు. కొత్తగ గేటు కాడ హోటల్ పెట్టేటాయన మొదటి దినం బుక్కు తెరవడు. "నగదు మాత్రమే" అని బోర్డు పెడతడు. ఆయనది తప్పు కాదు. ముందటాయన ఏమైపోయిండో ఆయనకు ఎరుకే.

రైతుకు, హోటలాయనకు పోలిక ఒకటుంది, అది యాది పెట్టుకోండి. మన ఇద్దరి సరుకూ నిలవ ఉండది. మన టమాట ఎట్లనో ఆయన ఇడ్లీ పిండి అట్లనే. పట్టున్నోడు సరుకు దాచుకుంటడు, ధర వచ్చినప్పుడు అమ్ముతడు. దాచుకోలేనోళ్ళం మనం, ఆయన. కష్టకాలంల మొదట మునిగేది గూడ మనం, ఆయన. ఒకడు మునిగేటప్పుడు ఇంకొకడు గట్టు మీద నిలబడి "మనకేంది" అంటే, రేపు మన వంతుకు ఆ మాటనే ఎవరో అంటరు.

మీ ఊర్ల బందైన హోటల్ ఏదన్న ఉంటే, దాన్ని నడిపినాయన ఇప్పుడు ఎక్కడున్నడో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. బుక్కుల మీ ఇంటి పేరు ఉందేమో ఇంట్ల పెద్దోళ్ళను అడగండి. ఉంటే ఈ వడ్ల పైసలల్ల నుంచే పంపియ్యుండ్రి.

ఉంట మరి. నీళ్ళు మడి దాటుతున్నట్టున్నయి, మడువ మార్చాలె.